పది నిమిషాలు మోగి ఆగిపోయే సబ్: యాంప్ మార్చినా పోని ఫాల్టు

ఒక కారు డిక్కీలో 12 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్ కోసం వేసే పెద్ద స్పీకర్), దాన్ని మోగించడానికి వెనక సీటు వీపుకు బిగించిన ఒక మోనో (ఒకే ఛానల్) యాంప్లిఫయర్, అంటే యాంప్. బండి స్టార్ట్ చేశాక పది పదిహేను నిమిషాలు బాగానే మోగుతుంది. ఆ తర్వాత బరువైన బాస్ వచ్చిన చోటల్లా టక్కున ఆగిపోతుంది. రెండు మూడు సెకన్లకు దానంతట అదే మళ్ళీ వస్తుంది. వాల్యూమ్ తగ్గించి వింటే ఏ గొడవా లేదు. కారు నా దగ్గరికి వచ్చేసరికే యాంప్ ఒకసారి మార్చేశారు. కొత్తది కూడా అచ్చం పాతదానిలాగే ఆగిపోతోంది. "ఇదీ డిఫెక్ట్ పీసే, ఇంకో కంపెనీది వేద్దాం, ఒక కెపాసిటర్ కూడా పెట్టిద్దాం" అని బిగించినతను సలహా ఇచ్చాడట.

రెండు యాంప్‌లు ఒకే తీరులో ఆగుతున్నాయంటే నాకు మొదట అర్థమయ్యేది, ఫాల్టు యాంప్ బయట ఉందని. యాంప్ ఊరికే ఆగదు. కరెంటు చాలకపోయినా, స్పీకర్ వైరు ఎక్కడో షార్ట్ అయినా, లోపల వేడి మితిమీరినా తన పార్టులు కాలిపోకుండా అదే ఆగుతుంది. అది దేన్ని చూసి ఆగిందో కనుక్కోకుండా యాంప్ మారిస్తే, కొత్తది కూడా దాన్నే చూసి అలాగే ఆగుతుంది. ఈ కేసులో అలాంటి కారణాలు రెండున్నాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కుని. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

సిస్టమ్ వివరాలు క్లుప్తంగా. యాంప్ క్లాస్ డి (తక్కువ వేడితో పనిచేసే రకం) మోనో, 2 ఓమ్‌ల లోడు మీద 500 వాట్లు ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల పవర్). సబ్‌కు రెండు కాయిల్స్ (కోన్‌ను కదిలించే తీగచుట్టలు), ఒక్కోటి 4 ఓమ్‌లు. రెండింటినీ ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్‌లు. సబ్ భరించేది 400 వాట్లు ఆర్‌ఎంఎస్. బ్యాటరీ నుంచి యాంప్ దాకా సుమారు 5 మీటర్ల పవర్ వైరు, బానెట్ కింద ఫ్యూజ్ హోల్డర్, డిక్కీ ఫ్లోర్‌లో ఒక బోల్టుకు ఎర్త్.

ఓనర్ చెప్పిన మూడు ముక్కలు

మీటరు బయటికి తీసే ముందు నేను అడిగేది ఒకటే: ఎప్పుడు ఎక్కువగా ఆగుతోంది? ఆయన చెప్పింది ఇది: "హైవే మీద పర్లేదన్నా. సిగ్నల్ దగ్గర నిలబడితే, ఏసీ, లైట్లు వేసుంటే ఎక్కువ ఆగుతుంది. ఇంట్లోవాళ్ళందరం వెళ్ళినప్పుడైతే మరీ."

మొదటి రెండు ముక్కలూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ తక్కువ వేగంతో తిరుగుతుంది, అది ఇవ్వగల కరెంటూ తక్కువే. దాని మీద ఏసీ, హెడ్‌లైట్ల లోడు పడితే వోల్టేజి ఇంకాస్త దిగుతుంది. అంటే యాంప్‌కు అందే వోల్టేజి ముందే అంచున ఉంది, చిన్న తగ్గుదలకే పడిపోతోందన్న మాట. మూడో ముక్కను కూడా చాలామంది ఏసీ ఖాతాలోనే వేసేస్తారు. నేను విడిగా రాసి పెట్టుకున్నాను. మనుషులు ఎక్కితే ఏసీ ఒక్కటే కాదు కదా మారేది. సీట్లు నొక్కుకుంటాయి, డిక్కీలో సామాను చేరుతుంది, సస్పెన్షన్ దిగుతుంది.

లైట్లను చూడకుండా ఏదీ విప్పొద్దు

యాంప్ మీద రెండు లైట్లుంటాయి. ఒకటి పవర్, ఇంకొకటి ప్రొటెక్ట్. సౌండ్ ఆగిన క్షణంలో ఆ రెండూ ఏం చేస్తున్నాయో చూస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. పవర్ లైటు మామూలుగా వెలుగుతూనే సౌండ్ మాత్రం పోయిందంటే అనుమానం ఆర్‌సీఏ కేబుల్ (స్టీరియో నుంచి యాంప్‌కు సిగ్నల్ తెచ్చేది) మీదకో, స్పీకర్ వైరు మీదకో, సబ్ కాయిల్ మీదకో వెళ్తుంది. ప్రొటెక్ట్ లైటు వెలిగితే షార్టో, ఓమ్‌లు తక్కువవడమో, వేడో. పవర్ లైటే ఆరిపోతే యాంప్‌కు కరెంటు చాలట్లేదు, లేదా రిమోట్ వైరు (స్టీరియో ఆన్ కాగానే యాంప్‌ను ఆన్ చేసేది) వదిలేస్తోంది. కొన్ని యాంప్‌లు వోల్టేజి తగ్గినప్పుడు కూడా ప్రొటెక్ట్ లైటే వెలిగిస్తాయి, కాబట్టి మాన్యువల్ ఉంటే ఒకసారి చూసుకోవాలి.

చిక్కేమిటంటే డ్రైవింగ్‌లో ఉన్నవాళ్ళకు డిక్కీలో లైట్లు కనపడవు. దీనికి నేను చేసే పని: మల్టీమీటర్ వైర్లను యాంప్ పవర్ టెర్మినళ్ళకు క్లిప్పులతో తగిలించి, మీటరును యాంప్ పక్కనే టేపుతో అంటించి, లైట్లూ మీటరూ రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్ పెట్టి వీడియో ఆన్ చేసి, డిక్కీ మూసి బండి తీసుకెళ్తాను. ఫోన్ మైకులో సబ్ ఆగడం కూడా వినపడుతుంది కనుక ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆగి ఆగి చూసుకోవచ్చు.

ఆ వీడియోలో కనిపించింది ఇది. మామూలుగా మీటరు 13.8 చూపిస్తోంది. బాస్ కొట్టినప్పుడల్లా 12కు, 11కు దిగుతోంది, నీలం పవర్ లైటు దాంతోపాటే మసకబారుతోంది. ఒక పెద్ద బాస్ దగ్గర అంకె 10 దగ్గరికి వెళ్ళీ వెళ్ళగానే లైటు ఆరిపోయింది. ఆగిన మరుక్షణం మీటరు మళ్ళీ 13.8. రెండు సెకన్ల తర్వాత లైటు వెలిగి సౌండ్ వచ్చింది. ప్రొటెక్ట్ లైటు ఎక్కడా వెలగలేదు.

వేడి వల్ల కాదన్నది కూడా ఇక్కడే తేలిపోయింది. వేడెక్కి ఆగిన యాంప్ చల్లబడటానికి నిమిషాలు పడుతుంది, రెండు సెకన్లలో తిరిగి రాదు. పైగా యాంప్ ఒంటి మీద చెయ్యి నింపాదిగా పెట్టుకోగలిగాను.

బ్యాటరీ బాగుంది, యాంప్ దగ్గర కరెంటు లేదు

ఇక్కడ చాలామంది బ్యాటరీ మీదకో ఆల్టర్నేటర్ మీదకో వెళ్ళిపోతారు. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వోల్టేజి బ్యాటరీ దగ్గరే పడిపోతోందా, దారిలో పోతోందా?

పాటతో ఈ పరీక్ష కుదరదు. మామూలు డిజిటల్ మీటరు సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. బాస్ దెబ్బ అంతకన్నా ముందే వచ్చి పోతుంది. మీటరులో మిన్-మాక్స్ (అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుపెట్టుకునే సదుపాయం) ఉంటే కొంత నయం. నేను వాడేది 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్, అంటే ఒకే లోతైన స్వరం. అది ఆగకుండా మోగుతుంది కనుక లోడు నిలకడగా ఉంటుంది, మీటరు తీరిగ్గా చదవొచ్చు. టోన్ మాత్రం కొద్ది సెకన్లకు మించి ఉంచకూడదు. పాటలో కాయిల్‌కు మధ్య మధ్య ఊపిరి దొరుకుతుంది, టోన్‌లో దొరకదు, కాయిల్ తొందరగా కాగిపోతుంది.

ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, యాంప్ ఆగడానికి కొంచెం ముందు దాకా వాల్యూమ్ పెంచి కొలిచాను. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 38 ఆంపియర్లు. బ్యాటరీ పోస్టుల మీద 13.2 వోల్టులు. అదే సమయంలో యాంప్ టెర్మినళ్ళ మీద 10.1. అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్ తమ పని తాము చేస్తున్నాయి. 3.1 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవడానికి వోల్టేజి డ్రాప్ పరీక్ష కన్నా నమ్మకమైనది లేదు. మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, ఇంకో కొన పొడవాటి వైరుతో యాంప్ ప్లస్ మీద పెడితే, మధ్యలో ఆ దారి తినేసిన వోల్టులు నేరుగా కనిపిస్తాయి. మైనస్‌కూ అంతే. టోన్ మోగుతుండగా ప్లస్ దారిలో 1.2 వోల్టులు వచ్చింది, మైనస్ దారిలో 1.9. రెండూ కలిపితే 3.1. లెక్క సరిపోయింది, అంటే కొలతలో పొరపాటు లేదు. ఈ కూడిక చేసుకోకుండా నేను ముందుకు వెళ్ళను.

తర్వాత మైనస్ దారిని ముక్కలు చేశాను. ఎర్త్ బోల్టు పక్కనే కొంచెం పెయింట్ గీకి, ఆ మెరిసే రేకు మీద ఒక కొన, యాంప్ మైనస్ టెర్మినల్ మీద ఇంకో కొన పెట్టాను: 1.7 వోల్టులు. అంటే అర మీటరు ఎర్త్ వైరు, ఒక బోల్టు కలిసి 1.7 వోల్టులు మింగుతున్నాయి. కారు బాడీ మొత్తం, బ్యాటరీ దాకా, తినేది మిగతా 0.2 మాత్రమే.

"ఎర్త్ చెక్ చేశాను, జీరో ఓమ్స్ వచ్చింది"

ఈ మాట బిగించినతను ఓనర్‌కు చెప్పాడు. అతను అబద్ధం చెప్పలేదు. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ఎర్త్ వైరుకూ బాడీకీ మధ్య కొలిస్తే నాకూ 0.2 వచ్చింది. మీటరు రెండు కొనలూ ఒకదానికొకటి తాకించినా 0.2 వస్తోంది. అది తీసేస్తే సున్నానే.

కానీ 38 ఆంపియర్ల దగ్గర 1.7 వోల్టులు పోవడానికి ఎంత రెసిస్టెన్స్ కావాలి? 1.7ను 38తో భాగిస్తే 0.045 ఓమ్‌లు, అంటే 45 మిల్లీఓమ్‌లు. మామూలు మల్టీమీటర్‌కు ఇది కనపడదు. మీటరు ఓమ్స్ కొలవడానికి పంపేది మిల్లీఆంపియర్లలో కరెంటు. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు సగం పూడుకుపోయిన పైపులో కూడా ప్రెషర్ నిండుగానే ఉంటుంది. విప్పి బకెట్ పెడితేగానీ సంగతి బయటపడదు. పాట ఆపి కొలిస్తే యాంప్ దగ్గర 13.8 కనపడటానికి కారణం కూడా అదే. ఎక్కువ కరెంటు పారే జాయింట్లను కరెంటు పారుతుండగానే కొలవాలి. ఓమ్స్‌లో కొలిచి "ఎర్త్ ఓకే" అని రాసేస్తే, ఆ తర్వాత చేసేదంతా చీకట్లో బాణాలు వేయడమే.

అనుమానం తీర్చుకోవడానికి ఇంకొక పని చేశాను. ఒక మందపాటి జంప్ కేబుల్ తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా యాంప్ మైనస్‌కు వేశాను. అదే వాల్యూమ్, అదే టోన్. యాంప్ ఆగలేదు. వాల్యూమ్ ఇంకా పెంచితే అప్పుడు ఆగింది, ఎందుకంటే ప్లస్ దారిలోని నష్టం అలాగే ఉంది. ఓనర్ ఇంట్లో పడేసిన మొదటి యాంప్‌ను కూడా తెప్పించి అదే కేబుల్ మీద పెట్టి చూశాను. అది కూడా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. దాన్ని మార్చాల్సిన అవసరమే లేదు.

బోల్టు విప్పితే కనిపించింది

అది స్టెప్నీ టైరు పట్టుకునే బ్రాకెట్ బోల్టు. లగ్గు (వైరు చివర ఉండి బోల్టు కింద బిగించే లోహపు రింగు) కింద పెయింట్ ఎక్కడా గీకలేదు. కరెంటు లగ్గులోంచి బోల్టు తలకు, అక్కడి నుంచి మరల ద్వారా బాడీకి వెళ్తోంది. లగ్గు చుట్టూ పెయింట్ గుండ్రంగా గోధుమరంగుకు తిరిగి పొరలు పొరలుగా లేచింది. లగ్గు లోపలి వైపు నల్లటి మసి. వైరును లగ్గులో సరిగా క్రింప్ చేయలేదు (టూల్‌తో గట్టిగా నొక్కి బిగించలేదు), కటింగ్ ప్లేయర్‌తో నొక్కి టేపు చుట్టారు. లాగితే రెండు పోగులు చేతిలోకి వచ్చేశాయి.

లెక్క చూస్తే ఆ రంగు మారడం సహజమే అనిపిస్తుంది. 1.7 వోల్టులను 38 ఆంపియర్లతో గుణిస్తే దాదాపు 65 వాట్లు. అంత వేడి ఒక రూపాయి బిళ్ళంత చోటులో. పాట వింటున్నప్పుడు కరెంటు అంత నిలకడగా పారదు కనుక సగటు చాలా తక్కువే, అయినా బోల్టు కాగిపోతుంది. కాగిన కొద్దీ జాయింట్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. మొదటి పది నిమిషాలు బాగా మోగి తర్వాత ఆగడం మొదలవడానికి కారణం అదే.

ప్లస్ వైపు 1.2 వోల్టుల సంగతి. ఫ్యూజ్ హోల్డర్ రెండు చివరల మధ్యే 0.5 పోతోంది. అది గాజు గొట్టం ఫ్యూజ్ పెట్టే రకం. స్ప్రింగు పట్టు వదులై, ప్లాస్టిక్ ఒక పక్క మెత్తబడి వంగిపోయింది. ఫ్యూజ్ మాత్రం పోలేదు. ఈ విషయం చాలామందికి అయోమయంగా ఉంటుంది: ఇంత వేడెక్కితే ఫ్యూజ్ ఎందుకు పోలేదు? ఫ్యూజ్ చూసేది తన గుండా వెళ్ళే కరెంటునే. 60 ఆంపియర్ల ఫ్యూజ్‌లో 38 పారితే దాని దృష్టిలో అంతా బాగున్నట్టే. వేడి పుడుతున్నది ఫ్యూజ్ తీగలో కాదు, దాన్ని పట్టుకున్న క్లిప్పులో.

వైరులో 0.6 వోల్టులు. పైన చూస్తే బొటనవేలంత లావు, మీద 4 గేజ్ అని అచ్చు (గేజ్ అంకె పెరిగే కొద్దీ వైరు సన్నం). చివర కోసి చూస్తే రబ్బరే ఎక్కువ, లోహం సన్నగా ఉంది. ఒక పోగును బ్లేడుతో గీకితే రాగి రంగు పోయి వెండి రంగు బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం కరెంటు మోసే శక్తి రాగిలో సుమారు 61 శాతమే. కొలతను బట్టి వెనక్కి లెక్క కడితే మీటరుకు 3 మిల్లీఓమ్‌ల పైచిలుకు వస్తోంది. నిజమైన 4 గేజ్ రాగి వైరుకు అది 0.8 దగ్గర ఉంటుంది. అంటే మీద రాసింది 4 గేజ్, పనిచేసేది 8 గేజ్ కన్నా అధ్వానంగా. పూత వైరు అస్సలు వాడకూడదని నేననను. దాని శక్తి తెలుసుకుని ఒకటి రెండు సైజులు పెద్దది వేస్తే పని జరుగుతుంది. సైజు విషయంలో మోసపోవడమే అసలు నష్టం.

మిగిలింది 0.1, బ్యాటరీ క్లాంపు దగ్గర. శుభ్రం చేస్తే పోయేదే.

కెపాసిటర్ పెడితే పోయేదా?

ఓనర్ అప్పటికే కొనడానికి సిద్ధపడ్డారు కనుక ఆయన ముందే లెక్క చేసి చూపించాను. 1 ఫారడ్ కెపాసిటర్ వోల్టేజి 1 వోల్టు దిగేలోపు ఇవ్వగలిగేది 1 కూలుంబ్ ఛార్జి. అంటే 1 ఆంపియర్ చొప్పున ఒక సెకను. 40 ఆంపియర్ల చొప్పున అయితే సెకనులో నలభయ్యో వంతు, 25 మిల్లీసెకన్లు. 40 హెర్ట్జ్ బాస్‌లో ఒక్క ఊపుకు పట్టే సమయం అంతే. ఆ తర్వాత అది మళ్ళీ నిండాల్సింది కూడా ఆ పాడైపోయిన వైరు, ఆ పాడైపోయిన ఎర్త్ ద్వారానే. లైట్లు మిణుకుమనడం కాస్త తగ్గించడానికి అది పనికిరావచ్చు. 45 మిల్లీఓమ్‌ల జాయింట్‌ను మాత్రం అది బాగు చేయదు.

చేసిన పని

ఎర్త్ కోసం యాంప్‌కు దగ్గరలో బాడీకి నేరుగా వెల్డ్ అయి ఉన్న మందపాటి రేకు ఎంచుకున్నాను. సీటు బెల్టు బోల్టు దగ్గర్లోనే ఉంది, చాలామంది దాన్నే వాడతారు. నేను దాన్ని ముట్టుకోను. ప్రమాదం జరిగితే మనిషిని పట్టి ఉంచాల్సిన బోల్టు అది, దాని బిగింపును మనం మార్చకూడదు. డ్రిల్ చేసే ముందు కింద ఫ్యూయల్ ట్యాంకు, బ్రేక్ పైపులు, వైరింగ్ లేవని బండి కిందకు వెళ్ళి చూసుకోవాలి. లగ్గు కూర్చునేంత మేర పెయింట్, దాని కింద ప్రైమరు పూర్తిగా తీసేసి రేకు తళతళలాడే దాకా ఎమరీ పేపర్‌తో రుద్దాను. స్టార్ వాషర్, బోల్టు, వెనక నట్టు. బిగించాక మీద పెయింట్ పూశాను, లేకపోతే గీకిన చోట తుప్పు పట్టి ఏడాది తిరిగేసరికి కథ మొదటికొస్తుంది. లగ్గును క్రింపింగ్ టూల్‌తో నొక్కి హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. క్రింప్ అయ్యాక గట్టిగా లాగి చూడటం నా అలవాటు.

ప్లస్‌కు అసలైన 4 గేజ్ రాగి వైరు. గాజు ఫ్యూజ్ తీసేసి, బోల్టుతో బిగించే ఏఎన్‌ఎల్ రకం హోల్డర్, 60 ఆంపియర్ల ఫ్యూజ్, బ్యాటరీకి జానెడు దూరంలో. ఫ్యూజ్ ఉండేది వైరును కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజ్‌కూ మధ్య ఉన్న ముక్కకు ఏ కాపలా లేదు కనుక ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. బానెట్ నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేదు, వైరు రేకు అంచుకు ఒరుసుకుంటోంది. అది కూడా వేశాను. సౌండ్ ఆగడానికి దీనికీ సంబంధం లేదుగానీ, బండి తగలబడటానికి మాత్రం ఇది చాలు.

మైనస్‌ను కూడా నేరుగా బ్యాటరీకే లాగొచ్చు కదా అని ఓనర్ అడిగారు. బాడీ తినేది 0.2 మాత్రమే అని కొలతలో తేలింది కనుక అవసరం లేదు. పైగా ఈ మధ్య వచ్చే బళ్ళలో బ్యాటరీ మైనస్ పోస్టు మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉంటోంది. యాంప్ మైనస్‌ను పోస్టుకే తగిలిస్తే ఆ కరెంటు సెన్సర్‌కు తెలియకుండా పక్కదారిలో పోతుంది, ఛార్జింగ్ లెక్కలు తప్పుతాయి.

మళ్ళీ అదే 50 హెర్ట్జ్ టోన్, ఐడిల్‌లోనే. ఈసారి యాంప్ లాగింది 44 ఆంపియర్లు. బ్యాటరీ దగ్గర 13.1, యాంప్ దగ్గర 12.6. ప్లస్ దారిలో 0.25, మైనస్ దారిలో 0.25, అందులో కొత్త ఎర్త్ జాయింట్ వాటా 0.05. పవర్ లైటు ఒక్కసారి కూడా మసకబారలేదు.

వెనక సీట్లో మనుషులు కూర్చుంటే

ఇక్కడితో బండి ఇచ్చేస్తే నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేది. ఓనర్ చెప్పిన మూడో ముక్క ఇంకా మిగిలే ఉంది. ఇద్దరిని వెనక కూర్చోబెట్టి, ఫోన్ మళ్ళీ డిక్కీలో పెట్టి బయల్దేరాను. కొంత దూరం ఏమీ లేదు. ఒక స్పీడ్ బ్రేకర్ దాటగానే సబ్ ఆగిపోయింది.

వీడియోలో మీటరు 13.5 దగ్గర కదలకుండా ఉంది. వెలిగింది ఎర్రటి ప్రొటెక్ట్ లైటు. అంటే ఇది వేరే జబ్బు. ఇంతకాలం రెండూ కలిసి ఒకే ఫిర్యాదులా కనపడ్డాయి.

బండి ఆపి, యాంప్ ఆఫ్ చేసి, స్పీకర్ వైర్లు రెండూ యాంప్ నుంచి విప్పాను. ముందు సబ్ సంగతి: రెండు వైర్ల మధ్య 1.8 ఓమ్‌లు. 2 ఓమ్‌ల లోడు మీటరు మీద కొంచెం తక్కువే చూపిస్తుంది, అది సహజం. కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదులుతుంటే అంకె కదల్లేదు, లోపల గీసుకుంటున్న శబ్దం లేదు. కాయిల్‌కు వెళ్ళే అల్లిక తీగ ఎక్కడైనా తెగి అంటీ అంటనట్టు ఉంటే ఇక్కడ అంకె ఎగిరిపడేది. సబ్ బాగుంది.

తర్వాత ఒక్కో స్పీకర్ వైరుకూ బాడీకీ మధ్య. ఏమీ చూపించకూడదు. చూపించలేదు కూడా. అప్పుడు వెనక కూర్చున్నతన్ని సీటుకు ఆనుకుని ఒకసారి ఊగమన్నాను. మీటరు బీప్ అంది. మళ్ళీ ఊగితే మళ్ళీ బీప్.

యాంప్ సీటు వీపుకు బిగించారని చెప్పాను కదా. వైర్లు దాని నుంచి వేలాడుతూ వచ్చి, సీటు మడిచే కీలు పక్కగా డిక్కీలోకి వెళ్తున్నాయి. స్పీకర్ వైరు ఒకటి ఆ కీలుకూ ఫ్లోర్ రేకుకూ మధ్య ఇరుక్కుంది. సీటు నిటారుగా ఖాళీగా ఉంటే తాకదు. మనిషి ఆనుకుని, బండి ఒక కుదుపు కుదిపితే తాకుతుంది. పైన తొడుగు బియ్యపు గింజంత మేర తెగి రాగి కనపడుతోంది, దానికి ఎదురుగా రేకు మీద అంతే పొడవున నల్లటి చుక్క.

తాకింది స్పీకర్ మైనస్ వైరు. "మైనస్సే కదా, బాడీకి తగిలితే ఏమవుతుంది?" అనే ప్రశ్న తరచూ వింటాను. ఇలాంటి క్లాస్ డి మోనో యాంప్‌లలో చాలావాటికి స్పీకర్ మైనస్ అంటే బాడీ ఎర్త్ కాదు. ప్లస్, మైనస్ రెండు కొనలనూ యాంప్ ఎదురెదురుగా నడిపిస్తుంది. ఏది బాడీకి తగిలినా యాంప్‌కు అది షార్టే. అది వెంటనే ఆగి తన ట్రాన్సిస్టర్లను కాపాడుకుంది. పవర్ వైరు ఆ కీలుకు నాలుగు వేళ్ళ దూరంలోనే వెళ్తోంది. ఇరుక్కున్నది అదై ఉంటే జరిగేది ఊహించుకోవడానికే నాకు టెన్షన్ వచ్చింది.

స్పీకర్ వైరుకు అతుకు వేయకుండా మొత్తం కొత్తది వేశాను. యాంప్‌ను సీటు వీపు నుంచి తీసేసి, డిక్కీ పక్క గోడకు చెక్క ప్లేటు మీద, చుట్టూ గాలి ఆడేలా బిగించాను. కదిలే భాగం మీద యాంప్ పెడితే వైర్లు ఏదో ఒకరోజు నలిగేవే. సబ్ పెట్టె మీద పెట్టడం కూడా నాకు ఇష్టం ఉండదు, ఆ అదురుకు లోపల సోల్డరింగ్ వదులవుతుంది.

గెయిన్, బాస్ బూస్ట్

యాంప్ మీది పాత సెట్టింగులు చూస్తే గెయిన్ నాబ్ చివరిదాకా, బాస్‌ను విడిగా పెంచే బాస్ బూస్ట్ నాబ్ చివరిదాకా తిప్పి ఉన్నాయి. ఎందుకలా జరిగిందో అర్థం చేసుకోవచ్చు. వోల్టేజి పడిపోయి బాస్ పలచగా వినపడింది, ఇంకొంచెం పెంచారు, ఇంకొంచెం పడిపోయింది. బూస్ట్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర యాంప్ నాలుగు రెట్లు పవర్ ఇవ్వాలి. 12 పెంచితే పదహారు రెట్లు. ఇవ్వలేక సిగ్నల్ అలల తలలు తెగిపోతాయి. తల తెగి చతురస్రంగా మారిన అల, అంతే ఎత్తున్న మామూలు అల కన్నా రెట్టింపు పవర్ కాయిల్‌లోకి తోస్తుంది. వైరింగ్ బాగుపడ్డాక ఈ సెట్టింగులతో వదిలేస్తే ఈసారి పోయేది సబ్.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో పంపే సిగ్నల్‌కు యాంప్‌ను జత చేసే నాబ్. సబ్ భరించేది 400 వాట్లు, లోడు 2 ఓమ్‌లు. 400ను 2తో గుణిస్తే 800, దాని వర్గమూలం సుమారు 28. స్పీకర్ వైర్లు విప్పేసి, స్టీరియోలో ఈక్వలైజర్ ఫ్లాట్‌గా, బూస్ట్ సున్నాకు పెట్టి, వాల్యూమ్ నాలుగింట మూడు వంతుల దగ్గర ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ యాంప్ అవుట్‌పుట్ మీద ఏసీ 28 వోల్టులు వచ్చే దాకా గెయిన్ తిప్పాను. నాబ్ సగం కూడా తిరగలేదు. స్పీకర్ వైర్లు తగిలించి అదే పాట పెడితే బాస్ మునుపటికన్నా గట్టిగానే వినపడింది.

ఆ తర్వాత వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి, సిగ్నళ్ళ దగ్గర ఐడిల్‌లో నిలబెట్టి మరీ నడిపాం. ఫోన్ వీడియోలో మీటరు 12.4 కన్నా దిగలేదు, ఏ లైటూ ఆరలేదు, ఎర్ర లైటు వెలగలేదు. ఓనర్‌కు చెప్పింది రెండు పనులు: నెల తర్వాత ఎర్త్ బోల్టు, ఫ్యూజ్ హోల్డర్ బోల్టులు ఒకసారి బిగించి చూసుకోమని, గట్టిగా పాటలు విన్న రోజు బండి ఆపగానే ఆ రెండింటి మీదా చెయ్యి పెట్టి చూడమని. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చురుక్కుమంటే పాట ఆపి, వోల్టేజి డ్రాప్ మళ్ళీ కొలిపించుకోవాలి.